ఎవరి మూట వారిదే



పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు అని మనలో ఒక సామెత వుంది. ప్రయాణానికి సామాను సర్దుకునే ప్రతి ఇంట్లోనూ ఈ సామెత ఒక్కసారైనా వినబడుతుంది. అనేది సాధారణంగా మగవారు, అనిపించుకునేది మనం. తీరా ఊరు చేరాక "తువ్వాలేదీ? తలనొప్పి మాత్ర ఏదీ?" అని అడిగేదీ వారే. అంచేత ఆ పిల్లి ఎవరి కోసమో, ఎవరి చంకలో వున్నదో కాస్త ఆలోచించవలసిన సంగతే.

పోయిన జనవరిలో ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి ప్రాంతాల నుంచి పద్నాలుగు మంది ఆడవాళ్ళం కలిసి సింగపూరు, మలేషియా చూసివద్దామని బయలుదేరాం. ఎనిమిది రోజుల ప్రయాణం. టిక్కెట్లు తీసిన అబ్బాయి ఒక మాట చెప్పాడు: "అమ్మా, విమానం అడుగున వేసే పెట్టెలకు వేరే డబ్బు కట్టాలి. అది వద్దనుకుంటే మనిషికి ఒక చేతిసంచి, ఏడు కిలోలు. అంతే!" ఇక చూడండి గొడవ! "ఏడు కిలోలా నాయనా? మా ఇంట్లో చట్నీల జాడీ ఒక్కటే అంత తూగుతుంది" అన్నారు మాలో పెద్దావిడ. చివరికి డబ్బు కలిసివస్తుందని అందరం ఒప్పుకున్నాం. ఒప్పుకున్నామే గాని, ఇంటికి వచ్చి సంచీ ముందు కూర్చుంటే నాకొక ప్రశ్న పుట్టింది. మన పెద్దలు దూరదేశాలు పోయినప్పుడు ఏం తీసుకుపోయారు? ఆ బరువు ఎవరు మోశారు? ఈ రెండో ప్రశ్నే మొదటిదానికన్నా ముఖ్యమని తర్వాత తెలిసింది. ఇవాళ మీతో ఆ సంగతులే చెప్పుకుందామని వచ్చాను.

వెనకటి రోజుల్లో దూరప్రయాణమంటే కాశీ. "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అనే సామెత వూరికే పుట్టలేదు. తిరిగి వస్తామన్న నమ్మకం లేని ప్రయాణమది. తెలుగువారి కాశీయాత్రల్లో మనకు వివరంగా తెలిసినది ఏనుగుల వీరాస్వామయ్యగారిది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పెద్ద ఉద్యోగం చేసినవారు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న మళ్ళీ మద్రాసు చేరారు. పోయేటప్పుడు మన ఉమ్మడి జిల్లా మీదుగానే, అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ హైదరాబాదు వైపు పోయారు. దారిపొడవునా చూసినవన్నీ స్నేహితునికి ఉత్తరాలుగా రాశారు. ఆయన 1836లో పోయిన తర్వాత 1838లో అవి "కాశీయాత్ర చరిత్ర" అనే పుస్తకంగా అచ్చయినాయి.

ఆ యాత్రలో ఆయన వెంట ఇంటి ఆడవాళ్ళు, బంధువులు, వంటవాళ్ళు, నౌకర్లు, పల్లకీలు మోసే బోయీలు, కావళ్ళవాళ్ళు అంతా కలిసి సుమారు నూరుమంది. డేరాలు, వంటపాత్రలు, పూజాసామాను సమస్తం వెంట నడిచినాయి. పదిహేను నెలల కాపురం కదలుతూ పోయిందనుకోండి. వీరాస్వామయ్యగారు దయగల మనిషే. అయినా లెక్క వేసి చూస్తే, ఆ సామానులో ఎక్కువ భాగం దాన్ని వాడుకున్నవారి భుజం మీద లేదు. బోయీల భుజం మీద, కావడిబద్ద మీద వుంది.

అయితే ఆ పుస్తకంలో మనం నేర్చుకోదగ్గ సంగతి ఒకటుంది. మజిలీ చేసిన వూళ్ళ గురించి రాస్తూ, అక్కడ ఏ వస్తువులు దొరుకుతాయో, నీళ్ళు ఎలా వుంటాయో, దిగడానికి చోటుందో లేదో ఆయన చెబుతూ పోయారు. వెనక వచ్చేవారికి అదెంత ఉపకారమో ఆలోచించండి. ముందు వూళ్ళో బియ్యం దొరుకుతాయని తెలిస్తే ఈ వూరి నుంచి బియ్యం మూట మోయనక్కరలేదు గదా! అది తెలియని మనిషి, ఎందుకైనా మంచిదని అన్నీ మూట కడుతుంది. మన సంచుల్లో సగం బరువు ఈ "ఎందుకైనా మంచిది" అనే మాటదే.

తర్వాత రైలు వచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం 1871లో గుంతకల్లు, ఆదోనిల మీదుగా రాయచూరు చేరి, బొంబాయి నుంచి వచ్చిన మార్గంతో కలిసింది. అప్పటికి ఆదోని బళ్ళారి జిల్లాలోది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన 1953లో గాని కర్నూలు జిల్లాలో కలవలేదు. రైలు రావడంతో ప్రయాణం సులువైంది, మూట మాత్రం లావెక్కింది. ఎందుకంటారా? ఎత్తిపెట్టడానికి కూలీ వున్నాడు, మోయడానికి రైలు వుంది. రేకు పెట్టె, పరుపుచుట్ట, మంచినీళ్ళ కూజా, టిఫిన్ క్యారియరు, మరచెంబు – ఇవి లేకుండా మా చిన్నప్పుడు ఎవరైనా రైలెక్కితే వారు ఇంట్లో పోట్లాడి వచ్చారేమోనని అనుమానం వచ్చేది. మన ఆదోని నూలు జంపఖానాలు పేరుపడినవి. ఆ జంపఖానాలో పక్కబట్టలు చుట్టి, తాడు కట్టి, పైన కూర్చుని వచ్చేవాళ్ళం. ఎర్రచొక్కా కూలీ రెండు పెట్టెలు నెత్తిన, చుట్ట చంకన పెట్టుకుని పరిగెత్తుతుంటే, వెనక మనం పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ పరిగెత్తేవాళ్ళం. అతని మెడ ఎంత నొప్పి పుట్టిందో ఎప్పుడైనా అడిగామా? అణాల దగ్గర బేరమాడాం.

ఇదంతా ఒకవైపు. రెండోవైపున ఏ పెట్టె లేకుండా సముద్రం దాటిన తెలుగువారున్నారు. వారి ప్రయాణం కూడా బృందంగా చేసిన విదేశప్రయాణమే. కాని ఆ ప్రయాణం గురించి మనం పెళ్ళిళ్ళలో చెప్పుకోం.

1876 నుంచి 1878 దాకా వచ్చిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువులో ఎంత నలిగాయో చెప్పనలవి కాదు. అటువంటి కరువులు, అప్పులు, ఆ కాలమంతా తెలుగు, తమిళ పల్లెల జనాన్ని ఓడరేవుల వైపు తరిమినాయి. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మొదటి ఓడ "ట్రూరో" మద్రాసులో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బను చేరింది. అందులో 342 మంది. అప్పటి నుంచి 1911 వరకు మద్రాసు, కలకత్తా రేవుల నుంచి నేటాలు చెరకుతోటలకు పోయిన కూలీల సంఖ్య 1,52,184. ఫిజీ దీవులకు మద్రాసు నుంచి ఓడలు పోవడం 1903లో మొదలైంది. మారిషస్‌కైతే అంతకు ఎంతో ముందే పోయారు.

వారి సామాను ఏమిటి? ఒంటిమీద బట్ట, చేతిలో చిన్న మూట. రేవు దగ్గర డిపోలో ఒక కంబళి, ఒక తట్ట, ఒక చెంబు వంటివి ఇచ్చేవారు. మెడలో అంకె వేసిన తగరపు బిళ్ళ కట్టేవారు. ఇవాళ విమానాశ్రయంలో పెట్టెకు కాగితం ముక్క కట్టినట్టు, అప్పుడు మనిషికే చీటీ కట్టారన్నమాట! ఆ ఆడవాళ్ళు మూటలో ఏం కట్టుకున్నారో రాసిపెట్టినవారు తక్కువ. కాని వారు మోసుకుపోయినది ఏమిటో ఇవాళ మనకు కనబడుతూనే వుంది. మారిషస్‌లో ఉగాది నాడు దేశమంతటికీ సెలవు. ఆ ఉగాది ఏ పెట్టెలో పోయింది? పచ్చడి ఎట్లా కలపాలో తెలిసిన ఒక తల్లి చేతిలో పోయింది. తక్కువ సామానుతో ప్రయాణం చేయడం గొప్ప అని ఇవాళ మనం ముచ్చటగా చెప్పుకుంటున్నాం గాని, మన చరిత్రలో అందరికన్నా తేలిక మూటతో పోయినవారు దాన్ని కోరుకుని పోలేదు. ఆ సంగతి మరవకూడదు.

బర్మాకు పోయినవారి కథ ఇంకొకటి. రంగూను రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేసిన తెలుగువారు అసంఖ్యాకం. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద అక్కడివారు మనవాళ్ళను "కోరంగీలు" అనేవారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న ఆ నగరం జపాను చేతిలోకి పోయింది. ఈ లోపలా, ఆ తర్వాతా లక్షల మంది భారతీయులు కొండలూ అడవులూ దాటి ఆరకాను మీదుగా, మణిపురం మీదుగా నడిచి వచ్చారు. ఓడలో చోటు దొరికినవారు కొద్దిమంది. వేలమంది దారిలోనే ప్రాణాలు విడిచారు.

ఇంట్లో బయలుదేరినప్పుడు పెట్టెలు, పరుపులు, ఇత్తడి సామాను బండ్ల మీద వేసుకున్నవారు కూడా, బండి పోని చోట వాటిని దించవలసి వచ్చింది. తర్వాత నెత్తిమూట. ఆ తర్వాత మూటలో సగం. చివరికి మిగిలేది చంకలో బిడ్డ, చేతిలో నీళ్ళ చెంబు, నాలుగు గుప్పిళ్ళ బియ్యం. అలాంటి దారిలో ఏది ముందు వదలాలి, ఏది చివరిదాకా పట్టుకోవాలి అని తేల్చుకోవలసింది ఎక్కువగా తల్లులే. సర్దుకోవడం అనే విద్యకు అంతకన్నా కఠినమైన పరీక్ష ఇంకొకటి వుంటుందా?

ఇక కోరి చేసే విదేశప్రయాణాలకు వద్దాం. మన ఆదోని ప్రాంతం నుంచి తరతరాలుగా బృందాలుగా సాగే విదేశప్రయాణం ఒకటి వుంది. అది హజ్ యాత్ర. వెనక బొంబాయి నుంచి ఓడలో జిద్దా పోయేవారు. మా వీధిలో ఒక అమ్మ చెప్పేది: వాళ్ళ అత్తగారు ఓడలో పోయినప్పుడు బియ్యం, పప్పు, కారప్పొడి, నూనె, పొయ్యి, బొంతలు, అన్నీ కట్టుకుని పోయారట. నెలల తరబడి ప్రయాణం గదా! బొంబాయి నుంచి ఆ ఓడలు 1995తో ఆగిపోయినాయి. ఆ తర్వాత అందరూ విమానంలోనే పోతున్నారు. అయితే ఆ యాత్రలోనే ఒక వింత చూడండి. ఇంత సామాను మోసుకుపోయిన మగవారు కూడా ఇహ్రాం కట్టేటప్పుడు ధరించేది కుట్టులేని రెండు తెల్లని వస్త్రాలే. నవాబుకూ అవే, నౌకరుకూ అవే. సామానుతో వచ్చే గొప్పా తక్కువా అక్కడ దించి పెట్టవలసిందే.

విమానం వచ్చాక బరువుకు లెక్క వచ్చింది. ఎయిరిండియావారి మొదటి విదేశీ విమానం "మలబార్ ప్రిన్సెస్" 1948 జూన్ 8న బొంబాయి నుంచి లండనుకు ఎగిరింది. అందులో పోయినవారు 35 మంది. రైలుకు మరో పెట్టె తగిలిస్తే సరిపోతుంది. విమానానికి అలా కుదరదు, ఎక్కిన ప్రతి కిలోకూ ఆకాశంలో ఇంధనం ఖర్చే. అందుకని సాధారణ తరగతికి 20 కిలోలు, మొదటి తరగతికి 30 కిలోలు అని చాలాకాలం నియమం నడిచింది. అయినా మనవాళ్ళ పెట్టెలు నిండుగానే వుండేవి. దానికి కారణం కూడా వుంది. 1970 ప్రాంతాల్లో మన దేశం నుంచి సొంత పని మీద విదేశం పోయేవారికి చేతికిచ్చే విదేశీ డబ్బు ఎనిమిది డాలర్లు. ఎనిమిది డాలర్లతో దిగిన బిడ్డకు ఆకలి వేస్తే? అందుకని తల్లి కందిపొడి, ఊరగాయ, అప్పడాలు, చెక్కలు నింపి పంపింది. ఆ బరువు పిచ్చి బరువు కాదు, భయం బరువు.

పెట్టెకు చక్రాలు వచ్చిన కథ వింటే మీకు నవ్వు వస్తుంది. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టింది 1969లో. పెట్టెకు చక్రాలు పెట్టవచ్చునని అమెరికాలో బెర్నార్డ్ సాడో అనే ఆయనకు తోచింది ఆ మరుసటి ఏడు, 1970లో. 1972లో దానికి పేటెంటు వచ్చింది. మొదట్లో పెద్ద దుకాణాలవారు ఆ పెట్టెను వద్దన్నారట. ఎందుకంటే, భార్య సామాను మోయడం మగవాడి మగతనం, పెట్టెను లాక్కుంటూ పోవడం నామోషీ అని! అంటే ఆడది తన పెట్టె తాను తీసుకుపోవచ్చునని వారికి తోచలేదన్నమాట. తర్వాత 1987లో రాబర్ట్ ప్లాత్ అనే విమాన చోదకుడు రెండు చక్రాలు, పైకి లాగే పొడవు పిడి పెట్టి, నిలువుగా నడిచే పెట్టె చేశాడు. మొదట విమాన సిబ్బంది వాడారు, వారిని చూసి లోకమంతా కొన్నది. ఒంటరిగా ప్రయాణం చేసే స్త్రీకి ఆ రెండు చక్రాలు చేసిన మేలు ఇంతా అంతా కాదు.

ఆ తర్వాత రెండు మార్పులు వచ్చినాయి. 2006 ఆగస్టులో లండనులో ద్రవపదార్థాలతో విమానాలు పేల్చే కుట్ర బయటపడింది. దాంతో చేతిసంచిలో ఏ ద్రవమైనా సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదని విదేశప్రయాణాలకు నియమం పెట్టారు. మన పచ్చడి, నెయ్యి, కొబ్బరినూనె అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. 2008లో అమెరికాలో ఒక పెద్ద సంస్థ అడుగున వేసే మొదటి పెట్టెకే 15 డాలర్లు అడగడం మొదలుపెట్టింది, తక్కినవారూ అదే దారి పట్టారు. చౌక విమానాలవారు అంతకుముందే ఆ పని చేస్తున్నారు. అలా వచ్చి చేరింది మన పద్నాలుగు మంది దగ్గరకు ఈ ఏడు కిలోల చేతిసంచి.

సరే, మేము ఏం చేశామో చెప్పనా? ముందు అందరం ఒకచోట కూర్చున్నాం. ఒక్కొక్కరు చిట్టా చదివితే పద్నాలుగు చిట్టాల్లోనూ ఇస్త్రీపెట్టె, జుట్టు ఆరబెట్టే యంత్రం, దారపుకండె, కత్తెర. కత్తెరను ఎలాగూ పైకి రానివ్వరు. పద్నాలుగు మందికి పద్నాలుగు ఇస్త్రీపెట్టెలా? బృందంగా పోవడంలో లాభమే అది గదా! ఒకరు సూదీ దారం, ఒకరు ఫోనుకు కరెంటు ఎక్కించే తీగలు, ఒకరు సబ్బుపొడి పట్టుకున్నాం. వేసుకున్న చీర కాక మూడు చీరలు, అవీ ఉతికితే రాత్రికి ఆరేవి. తువ్వాలుగా మందపాటిది కాక ఎమ్మిగనూరు చేనేత తుండు ఒకటి. పద్మశ్రీ మాచాని సోమప్పగారు 1938లో మొదలుపెట్టిన నేతగాళ్ళ సంఘంతో పేరుకెక్కిన వూరి నేత అది. తుడుచుకోవచ్చు, కప్పుకోవచ్చు, అవసరమైతే మూట కట్టుకోవచ్చు. తినడానికి బొరుగులు, ఎండు జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి. బరువు లేదు, కారదు, చెడదు. ఇంట్లోనే తక్కెడకు తగిలించి తూచుకున్నాం. చట్నీల జాడీ పెద్దావిడ సంచి ఆరున్నర కిలోలు తూగింది!

ఒక్క విషయంలో మాత్రం మేము తప్పు చేశాం. అది చెప్పకుండా వుండలేను. సంచి తేలిక చేయాలనే ఉత్సాహంలో ఒకావిడ తన రక్తపోటు మాత్రల్ని స్నేహితురాలి సంచిలో వేసింది. కౌలాలంపూరులో రైలు దగ్గర బృందం రెండుగా చీలిపోయింది. మాత్రలు ఒక రైల్లో, మనిషి ఇంకో రైల్లో! మూడు గంటలు ఆమె ముఖం చూడలేకపోయాం. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. అంచేత అక్కలారా, సబ్బు పంచుకోండి, దారం పంచుకోండి. మందులు, పాస్‌పోర్టు, డబ్బు, కళ్ళజోడు మాత్రం ఎవరివి వారి ఒంటిమీదే వుండాలి. అలాగే దారిలో పరిచయమైనవారు "ఈ పొట్లం కాస్త మీ సంచిలో వేసుకోండమ్మా" అంటే, ఎంత మర్యాదస్థులైనా సరే, వద్దని చెప్పండి. సంచిలో ఏమి దొరికినా జవాబు చెప్పుకోవలసింది మనమే.

ఇక చివరిమాట. మేము బయలుదేరిన రాత్రి ఆదోని బస్టాండులో బెంగుళూరు బస్సు కోసం నిలబడి వున్నాం. పక్కనే రోడ్డు మీద ఒక టెంపో ఆగి వుంది. పల్లె జనం దానిమీద మూటలు ఎక్కిస్తున్నారు. మన పశ్చిమ తాలూకాల వారికి చెప్పనక్కరలేదు, అది సుగ్గి బండి. వానలు సరిగా పడని ఏడు, పడినా పనులు అయిపోయాక, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి కుటుంబాలకు కుటుంబాలే కదిలిపోతాయి. ఒక చిన్నది, ఇరవై ఏళ్ళుంటాయేమో, చంకలో బిడ్డ, నెత్తిన మూట. కిందికి దించుకోవడానికి చెయ్యి అడిగితే పట్టుకున్నాను. నా చేతులు విరిగినంత పనయింది.

"ఏముందమ్మా ఇందులో?" అన్నాను.

"ఇల్లక్కా" అంది నవ్వుతూ. "జొన్నలు, బోకులు, పట్ట, కంబళి. మూన్నెల్లు ఆడనే గదా! మీరు యాడికి పోతాండారు?"

"సింగపూరు."

నా చేతిసంచి వైపు చూసింది. "అంత దూరానికి ఇంతేనా అక్కా? అయితే మీకు ఆడ అన్నీ దొరుకుతాయి."

ఆ మాట నాకు విమానంలో కూడా చెవిలో వినిపిస్తూనే వుంది. నిజమే. పోయిన చోట పడుకోవడానికి మంచం, తాగడానికి నీళ్ళు, తినడానికి తిండి వుంటాయన్న భరోసా మనకుంది. అందుకే మన సంచి తేలిక. ఆ భరోసా లేని పిల్ల ఇల్లంతా నెత్తిన పెట్టుకుని పోతున్నది. ఇంత తక్కువ సామానుతో తిరిగామని మేము గర్వపడడానికి ఏమీ లేదు. అయితే ఒకటి మాత్రం చేయగలిగాం. ఆ ఎనిమిది రోజులూ మా బరువు మేమే మోశాం. ఏ కూలీ మెడా నొప్పి పుట్టలేదు, ఇంట్లో ఎవరినీ పిలవలేదు. అరవై ఎనిమిదేళ్ళ మా పెద్దావిడ సింగపూరులో మెట్లెక్కుతూ, "ఏమే, పెండ్లయినప్పటి నుంచి నా ఒక్కదాని బట్టలు మాత్రమే సర్దుకున్నది ఇదే మొదటిసారి" అంది. మేమంతా నవ్వాం. తర్వాత ఎందుకో ఎవరమూ మాట్లాడలేదు.

మీరూ ఒకసారి మీ సంచి మీరు సర్దుకుని చూడండి. దారిలో బరువైన మూటతో ఎవరైనా కనబడితే, దించుకోవడానికి ఒక చెయ్యి వేయండి. మన చేతులు ఖాళీగా వున్నందుకు అదైనా ప్రయోజనం.